వృత్తి: నూలు వడకడం – మా అమ్మ పేరున ఆ మాట రాయించడానికి ఏడాది పైనే పట్టింది

మా అమ్మకు ఖాదీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు 2025 ఏప్రిల్ మూడో వారంలో చేతికి వచ్చింది. ప్రయత్నం మొదలుపెట్టింది 2024 ఫిబ్రవరిలో. శ్రీకాకుళం జిల్లా పొందూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అమ్మలాగే ఇంట్లో కూర్చుని నూలు వడికే ఆడవాళ్లలో ఇప్పటికీ తమ పేరున ఏ కాగితమూ లేనివారు ఉన్నారు. వాళ్ల పిల్లలెవరైనా ఈ పనికి పూనుకుంటే ఏది ముందు చేసుకోవాలో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేము పట్టుశాలీలం. ఒకప్పుడు పట్టు నేసిన వంశమని పెద్దవాళ్లు చెప్పుకునేవారు గానీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో చూసింది కొండపత్తే. పొందూరు సన్న ఖద్దరుకు నూలు తీసే పని ఎక్కువగా మా ఆడవాళ్లదే. అమ్మ పుట్టిల్లూ మెట్టినిల్లూ పొందూరే. పదేళ్ల వయసులో వాళ్లమ్మ పక్కన కూర్చుని రాట్నం పట్టింది. 1979లో పెళ్లయ్యాక అత్తగారి పక్కన కూర్చుంది. ఖాదీ సంస్థ నుంచి పత్తి తెచ్చుకునే లెక్క, తిరిగి నూలు జమ చేసే లెక్క రెండూ ఒకే పుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకం నాన్నమ్మ పేరున ఉండేది. వడికేది ఇద్దరైనా పుస్తకం ఒక్కటే. 2017లో నాన్నమ్మ పోయాక అమ్మ తన నూలును మా పిన్ని పుస్తకంలో వేయించి డబ్బు తీసుకునేది. పిన్ని ఏనాడూ ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. ఇల్లు గడిచింది, అన్నయ్య చదువూ నా చదువూ గట్టెక్కాయి. ఆ ఏర్పాటులో లోటేమైనా ఉందని ఎవరికీ తోచలేదు.

తోచింది బ్యాంకులో. అమ్మ రాట్నం పెట్టుకునే వసారా పెంకులు పాడైపోయాయి. వాన నీరు పడితే పత్తి మరి పనికిరాదు. పైకప్పు మార్పించడానికి యాభై వేలు అప్పు అడుగుదామని ఫిబ్రవరిలో వెళ్లాం. అక్కడి ఉద్యోగి ఫారం నింపుతూ వృత్తి అనే గడిలో, అమ్మను అడగకుండానే, ‘గృహిణి’ అని రాశాడు. నూలు వడుకుతుందని నేను చెప్పాను. కార్డు ఉందా అన్నాడు. లేదు. ఆదాయానికి రుజువుగా పుస్తకం? ఉంది, కానీ పిన్ని పేరున ఉంది. ఫారం వెనక్కి ఇచ్చేశాడు. మాట పరుషంగా ఏమీ అనలేదు, అతని ముందున్న కాగితాల ప్రకారం అమ్మ ఏ పనీ చేయని మనిషి, అంతే.

అమ్మ దారిలో ఏమీ మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక, “మీ నాన్న పోయిన తరువాత మిమ్మల్ని ఇద్దరినీ ఏం చేసి పెంచానని రాసుకుంటారట వాళ్లు?” అంది. అప్పు దొరకలేదన్న బాధ కాదు అది. ఇక ఆ గడిలో మాట మార్పించే దాకా వదలకూడదని నేను అప్పుడే నిశ్చయించుకున్నాను.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచర్ని. సెలవు దొరికినప్పుడల్లా పాసింజరు రైలెక్కి చీపురుపల్లి, సిగడాం మీదుగా పొందూరు వచ్చి ఈ పని చూసుకున్నాను. ఊళ్లోనే ఉండే వాళ్లకు ఇంత కాలం పట్టకపోవచ్చు.

మొదట గ్రామ సచివాలయానికి వెళ్లాం, మార్చి మొదటి వారంలో. చేతివృత్తుల వారికి పీఎం విశ్వకర్మ పథకం ఉంది, అందులో చేరితే గుర్తింపు కార్డు, రుణం రెండూ వస్తాయని అక్కడి అమ్మాయి ఎంతో ఆశగా చెప్పింది. కంప్యూటర్లో వృత్తుల జాబితా తెరిచింది. పద్దెనిమిది వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, తాపీమేస్త్రీ, దర్జీ, బుట్టలు అల్లేవారు, పూలమాలలు కట్టేవారు, పడవలు చేసేవారు, చేపల వలలు అల్లేవారు… పైనుంచి కిందికి చూశాం, కిందినుంచి పైకి చూశాం. నూలు వడికేవారు లేరు. నేత నేసేవారూ లేరు. ఆ అమ్మాయికి కూడా నమ్మకం కుదరక ఇంకోసారి తెరిచి చూసింది. తరువాత అసంఘటిత కార్మికులను నమోదు చేసే ఈ-శ్రమ్ ప్రయత్నించింది. అది 16 నుంచి 59 ఏళ్ల వారికే. అమ్మ పుట్టింది 1961లో.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఒక ఇంటర్నెట్ దుకాణంలో జిరాక్సులు తీయిస్తుంటే విషయం తెలుసుకున్న కుర్రాడు, “దర్జీ అని పెట్టేద్దాం, కార్డు వచ్చేస్తుంది, పదిహేను వందలు ఇవ్వండి” అన్నాడు. అలా చేయించుకున్నవాళ్లు ఉన్నారని కూడా చెప్పాడు. నేను అమ్మ వైపు చూశాను. “నాకు రాని పని నా పేరున ఎందుకు బాబూ?” అని అమ్మ లేచి నిలబడింది. దగ్గర దారి ఎవరైనా చూపిస్తే మీకూ ఆశ పుట్టవచ్చు. తనిఖీలో పోయే కార్డు అది. అంతకన్నా, మనం అడుగుతున్నది ఏదో ఒక కార్డు కాదు, చేసిన పనికి గుర్తింపు.

మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. మే 13న పోలింగు, జూన్ 4న ఫలితాలు. ఈ మధ్యకాలంలో ఏ కార్యాలయానికి వెళ్లినా ‘కోడ్ అయ్యాక రండి’ అన్నదే జవాబు. జూన్ అంతా బదిలీలు, కొత్తవాళ్లు. ఈ నాలుగు నెలల్లో నేను చేసిన మంచిపని ఒక్కటే, ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ వెతికి పెట్టడం. నాన్నమ్మ ట్రంకు పెట్టెలో, పాత చీర మూటలో, ఆవిడ పుస్తకాలు దొరికాయి. చెదలు పట్టినవి పోగా ఎనిమిది మిగిలాయి. ఏ తేదీన ఎంత పత్తి తీసుకున్నారు, ఎన్ని చిలపలు (చుట్టిన నూలు కట్టలు) ఇచ్చారు అన్నది వరసగా ఉంది. అమ్మ వాటిని తిరగేస్తూ, “ఈ నెల చిలపలు తక్కువున్నాయి చూడు, నువ్వు పుట్టిన నెల” అంది. ఆ పుస్తకంలో అమ్మ పేరు ఎక్కడా లేదు గానీ, అమ్మ పని ప్రతి పేజీలోనూ ఉంది. దయచేసి ఇటువంటి పుస్తకాలను పాత కాగితాల వాడికి వేయకండి. తరువాత మాకు అక్కరకు వచ్చింది అవే.

జూలైలో శ్రీకాకుళం వెళ్లి చేనేత కార్మికుల కార్డు గురించి అడిగాను. అక్కడి అధికారి కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. చేనేత కేంద్రంలో జౌళి శాఖ కిందకు వస్తుంది. ఖాదీ వేరు. అది ఖాదీ కమిషన్ ద్వారా చిన్న పరిశ్రమల శాఖ కిందకు వస్తుంది. చేనేత కార్డు మగ్గం మీద పనిచేసేవారికి, మగ్గానికి అనుబంధంగా పనిచేసేవారికి. ఖాదీ నూలు వడికేవారు ఖాదీ సంస్థ ద్వారానే నమోదు కావాలి. 2019-20లో నాలుగో చేనేత గణనకు వీధిలోకి వచ్చినవాళ్లు మా ఇంట్లో మగ్గం ఉందా అని అడిగి, లేదంటే ఎందుకు వెళ్లిపోయారో నాకు అప్పుడు అర్థమైంది. నాకు ఇది సబబుగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. నూలు లేకుండా మగ్గం ఏం చేస్తుంది? కానీ మీరు నాలా నెలలు పోగొట్టుకోకుండా మొదటే తెలుసుకోవలసినది ఇదే: ఖాదీ నూలు వడికేవారు నేరుగా ఖాదీ సంస్థకే వెళ్లండి.

ఆగస్టు మొదట్లో అమ్మ నూలు వేసే సంస్థకు వెళ్లాం. అక్కడి గుమాస్తా అమ్మను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. “వదినగారూ, మీ నూలు పిన్నిగారి పుస్తకంలో వస్తోందని నాకు తెలుసు. నూలు చూస్తే తెలుస్తుంది” అన్నారు. అమ్మ ముఖం ఎంత వెలిగిందో. అయితే నూలు చూసి గుర్తుపట్టినా కంప్యూటర్లో ఎక్కించడానికి ఆధార్, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, ఫోటో, ఎంత కాలంగా వడుకుతున్నారన్న వివరం కావాలి. పేరు కొత్తగా ఎక్కిస్తే ఈ సంవత్సరం నుంచే పనిచేస్తున్నట్టు అవుతుంది. యాభై ఏళ్లు సున్నా అయిపోతాయి. నాన్నమ్మ పుస్తకాలు, అమ్మ ఇచ్చే ప్రమాణపత్రం, ఎప్పటి నుంచో వడుకుతున్న మరో ఇద్దరు పెద్దావిడల సాక్ష్యం జత చేస్తే పై కార్యాలయానికి రాసి చూస్తామన్నారు. నోటరీకి మూడు వందలు అయింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆవిడ ఒకరికి డెబ్భై ఎనిమిదేళ్లు. సంతకం రాదు, వేలిముద్ర వేశారు. ఆవిడకు కూడా సొంత పేరున పుస్తకం లేదని అక్కడే తెలిసింది.

అసలు చిక్కు ఆధార్ దగ్గర వచ్చింది. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు పుట్టింటిది, రేషన్ కార్డులో మెట్టినింటిది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. పేరు మార్పించడానికి ఆధార్ కేంద్రానికి వెళితే వేలిముద్రలు పడలేదు. తడిగుడ్డతో తుడిచారు, నూనె రాయించారు, ఒక్కొక్క వేలూ మార్చి మార్చి పెట్టించారు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు అసలు పడవు. ఏకు నుంచి, అంటే చుట్టిన దూది నుంచి, దారం సాగదీసేది ఆ రెండు వేళ్లతోనే. ఇన్నేళ్లలో ఆ గీతలు అరిగిపోయాయి. యంత్రం ముందు అమ్మ ఏదో తప్పు చేసినట్టు కూర్చుంది. నాకు గొంతు పూడుకుపోయింది. ఈమె ఈ పని చేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ రుజువే అడ్డం వచ్చింది.

కనుపాపతో తీసుకోవచ్చని రెండోసారి వెళ్లినప్పుడు ఇంకొక ఆపరేటరు చెప్పారు. వేలిముద్రలు పడనివారికి ఆ వీలుంది, ముందే అడగండి. బయోమెట్రిక్ మార్పుకు అప్పట్లో వంద రూపాయలు (2025 అక్టోబరు నుంచి నూట పాతిక చేశారు). రసీదు తప్పకుండా తీసుకోండి. మొదటి దరఖాస్తు మూడు వారాల తరువాత తిరస్కరించారని ఫోనుకు సందేశం వచ్చింది, పేరుకు చూపిన పత్రం చాలదని. గెజిటెడ్ అధికారి సంతకంతో నిర్ణీత నమూనాలో పత్రం పెట్టి మళ్లీ ఇస్తే అక్టోబరు రెండో వారానికి మారింది. తరువాత బ్యాంకులో ఖాతాకు కొత్త ఆధార్ వివరాలు కలపడానికి ఇంకో రెండు వారాలు.

ఈ మధ్యలోనే అక్టోబరు 2 వచ్చింది. గాంధీ జయంతికి ఒక ప్రదర్శనలో కూర్చుని నూలు వడకమని అమ్మను పిలిచారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వడికింది. ఎందరో వచ్చి ఫోటోలు తీసుకున్నారు. మైకులో మాట్లాడినవారు పొందూరు ఖద్దరును గాంధీజీ మెచ్చుకున్నారని, తన కుమారుడు దేవదాస్ గాంధీని ఈ ఊరికి పంపారని, 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడిందని, 1955లో వినోబా భావే ఇక్కడ సంఘం భవనానికి శంకుస్థాపన చేశారని చెప్పారు. అంతా నిజమే, మేము గర్వంగా చెప్పుకునే సంగతులే. వేదిక పక్కన వడుకుతున్న మనిషిని చూపిస్తూ మాత్రం, “ఈ అవ్వ చేతుల్లో ఆ వారసత్వం” అన్నారు. పేరు అడగలేదు. ఊరికి వచ్చినవారి పేర్లు అందరికీ తెలుసు. వాళ్లు ఏ నూలు చూసి మెచ్చుకున్నారో ఆ నూలు తీసిన ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా ఎవరైనా చెప్పగలరా? కొన్నేళ్ల కిందట ఒక క్యాలెండరు మీద అమ్మ చేతులు అచ్చయ్యాయి. చేతులు మాత్రమే. మా వీధిలో వాళ్లు గాజులు చూసి గుర్తుపట్టారు.

నవంబరు చివర్లో తనిఖీకి మనిషి వస్తున్నారని కబురు వచ్చింది. నేను సెలవు పెట్టి వచ్చాను. వచ్చిన ఆయన ముప్పై దాటని యువకుడు, ఖాదీ పనికి కొత్త. చేతిలో ఒక ఫారం. “వడికి చూపించండమ్మా, ఫోటో తీసుకుని వెళ్తాను” అన్నారు. పది నిమిషాల పని అనుకుని వచ్చారు.

అమ్మ, “వడకడం చివర వస్తుంది బాబూ, మొదటి నుంచి చూపిస్తాను, కూర్చోండి” అని చాప వేసింది. పత్తి బుట్ట ముందుకు లాగి ఒక్కొక్క గింజపత్తినీ తీసి ఆకు తుంపులు, నలకలు ఏరింది. తరువాత వాలుగ చేప దవడ చేతిలోకి తీసుకుంది. గోదావరి వైపు నుంచి వస్తాయి ఇవి. దవడ నిండా సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజ వేళ్లతో పట్టుకుని దానికి అంటుకున్న పీచును ఆ పళ్లతో దువ్వితే చెత్త రాలిపోయి పోగులన్నీ ఒక వరసలోకి వస్తాయి. పసిపిల్ల తల దువ్వినట్టే ఉంటుంది ఆ చేతి వాటం. “దీని బదులు ఇనుప దువ్వెన పెట్టుకోకూడదా?” అని ఆయన అడిగారు. కొండపత్తి పీచు పొట్టి, ఇనుముకు తెగుతుంది అని అమ్మ రెండూ చేసి చూపించింది. దువ్విన దాన్ని చెక్క పలక మీద పెట్టి సన్నని ఇనుప కడ్డీ అరచేత్తో దొర్లిస్తే గింజ ముందుకు జారి పడింది, పీచు వెనక మిగిలింది. ఆ పీచును చిన్న విల్లుతో ఏకింది. గది అంతా నురుగులా దూది లేచింది. ఆయన దగ్గారు, అమ్మ మంచినీళ్లు ఇవ్వమంది. అమ్మకూ ఆ దగ్గు ఎన్నో ఏళ్లుగా ఉంది, ఆ సంగతి ఫారంలో లేదు.

ఏకిన దూదిని పుల్ల మీద చుట్టి ఏకులు చేసి, ఎండిన అరటి పట్టలో పెట్టింది. దుమ్ము పడకుండా, చేతి చెమట తగలకుండా అందులో ఉంచుకుని ఒక్కొక్కటే తీస్తూ వడుకుతారు. అప్పుడు రాట్నం తిప్పింది. ఇరవై నాలుగు ఆకుల (ఊచల) పెద్ద చక్రం, ఒక్కటే కదురు. కుడిచేత్తో చక్రం, ఎడమచేత్తో ఏకు. చేయి వెనక్కి వెళ్తూ ఉంటే కంటికి ఆనీ ఆనని దారం సాగుతూ వస్తుంది. ఆయన కెమెరా పక్కన పెట్టేశారు. “ఎన్నో నంబరు నూలు ఇది?” అని అడిగారు. అమ్మ చెప్పలేదు. ముందురోజు చుట్టి పెట్టిన చిలప తెచ్చి, నన్ను పక్కింటి బంగారం పని చేసే ఆయన దగ్గర తూకం అడిగి తెమ్మంది. ఖాదీలో చిలప అంటే వెయ్యి మీటర్ల దారం. కిలోకు ఎన్ని చిలపలు తూగితే అంత నంబరు. నూరో నంబరైతే చిలప సరిగ్గా పది గ్రాములు ఉండాలి. తూకంలో 9.4 వచ్చింది. ఆయన ఫోనులో భాగించి చూసుకుని, నూట ఆరు అన్నారు. కిలోమీటరు పొడవున్న దారం, పది గ్రాములు కూడా లేదు, అంతా ఈ రెండు వేళ్ల నుంచే. ఫారంలో ఆ అంకె రాసి, కింద గీత కూడా గీశారు. వెళ్లేటప్పుడు అమ్మ కాళ్లకు నమస్కారం పెట్టబోతే అమ్మ కంగారుపడి వెనక్కి జరిగింది. మధ్యాహ్నం రెండు దాటింది అప్పటికి. మా ఇంట్లోనే భోంచేసి వెళ్లారు.

ఇక అయిపోయిందనుకున్నాం. జనవరి నాలుగో వారంలో సరిచూసి సంతకం పెట్టడానికి జాబితా వచ్చింది. పేరు సరిగా ఉంది. ఇంటిపేరు సరిగా ఉంది. పని అన్న చోట ‘సహాయకురాలు’ అని టైపు చేసి ఉంది. ఎక్కడ జరిగిందో తెలియదు. పుస్తకం ఇంకొకరి పేరున ఉండటం వల్ల ఆమెకు సాయం చేసిన మనిషిగా వేసి ఉంటారని గుమాస్తాగారి ఊహ. “ఇప్పటికి సంతకం పెట్టేయండి, కార్డు చేతికి వచ్చాక మార్పించుకోవచ్చు, లేకపోతే వచ్చే విడతకు పోతుంది” అని అక్కడున్నవారు మంచికే చెప్పారు. నిజం చెప్పాలంటే నాకూ విసుగెత్తి ఉంది.

అమ్మ పెన్ను కింద పెట్టింది. “నేను ఎవరికి సాయం చేశాను? పత్తి ఏరింది నేను, దువ్వింది నేను, వడికింది నేను. మా అత్తగారు ఉన్నప్పుడు ఆవిడ నూలు ఆవిడదే, నా నూలు నాదే. సాయం అని రాస్తే నాకు వద్దు” అంది. గొంతు పెంచలేదు. మా అమ్మ ఒక కార్యాలయంలో కుర్చీలో కూర్చుని ఒక మాట కాదనడం నేను చూడటం అదే మొదటిసారి. గుమాస్తాగారు ఆ కాగితం వెనక్కి తీసుకుని, తనిఖీ ఫారం నకలు జత చేసి, సవరణకు లేఖ తామే రాశారు. సవరణ వచ్చేసరికి మార్చి సగం అయింది. మీరు కూడా సంతకం పెట్టే ముందు పేరు, పుట్టిన సంవత్సరం చూసుకుని ఊరుకోకండి, పని గడి చదవండి. ఆ ఒక్క మాట మీదే తరువాత అన్నీ ఆధారపడతాయి.

ఏప్రిల్‌లో వచ్చిన కార్డు మామూలు ప్లాస్టిక్ ముక్క, ఫోటో కూడా కాస్త మసకగా పడింది. పేరు కింద ‘నూలు వడుకు కార్మికురాలు’. అనుభవం అన్న చోట 1979 నుంచి అని ఉంది. పెళ్లికి ముందు వడికినదానికి సాక్ష్యం చూపలేకపోయాం. ఆ ఎనిమిదేళ్లు పోయాయని అమ్మకు కొంచెం కొరతగానే ఉంది. అమ్మ పేరున కొత్త పుస్తకం కూడా అదే రోజు ఇచ్చారు. పిన్ని తన పుస్తకంలో అమ్మ వేసిన చివరి చిలపల లెక్క తేల్చి, డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నారు, తరువాత పిన్ని, “ఇకనుంచి నా పుస్తకం చిన్నబోతుందక్కా” అంది.

ఖర్చు సంగతి. నోటరీ మూడు వందలు, ఆధార్‌కు రెండుసార్లు వంద చొప్పున, ఫోటోలు, జిరాక్సులు, రైలు, ఆటోలు అన్నీ కలిపి నాలుగు వేలకు కాస్త తక్కువ. కార్డుకు మాత్రం ఎవరూ రూపాయి అడగలేదు, మీరూ ఇవ్వకండి. పోయిన కూలి వేరు. కార్యాలయానికి వెళ్లిన రోజున రాట్నం తిరగదు, రోజుకు రెండు చిలపలకు మించి తీయడం అమ్మకు కుదరదు. చేసిన పనికి చిలపల లెక్కన డబ్బు వస్తుంది గనుక ఆ రోజులకు ఏమీ రాదు. ఈ నష్టాన్ని ఎవరూ ఖర్చులో లెక్కవేయరు. పని మానుకోలేక కార్డు వదులుకున్నవాళ్లు ఉన్నారంటే నేను నమ్ముతాను.

మారింది ఏమిటి? కూలి రేటు మారలేదు. పత్తి ఏరే కళ్లు, వంగిన నడుము బాగుపడలేదు. ఖాదీ కార్మికులకు ప్రోత్సాహకంగా వచ్చే సొమ్ము ఇప్పుడు నేరుగా అమ్మ ఖాతాలో పడుతుంది, ఇదివరకు పిన్ని ఖాతాలో పడేది. మే నెలలో మళ్లీ బ్యాంకుకు వెళ్లాం. ఈసారి ఫారం నేను నింపలేదు, బ్యాంకువారూ నింపలేదు. అమ్మే తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, వృత్తి గడిలో అక్షరం అక్షరం రాసింది. అడిగినది యాభై వేలు, ఇచ్చింది ముప్పై. దానితో సగం పెంకులు మార్పించాం, వానలు మొదలయ్యేలోపు రాట్నం ఉన్న వైపు పని పూర్తయింది.

ఖాదీ పనివారు పనిగది కట్టుకోవడానికి కమిషన్ సాయం ఉందని కార్డు వచ్చాకే తెలిసింది. దానికి కూడా సంస్థ ద్వారానే దరఖాస్తు పెట్టాలి. జూలైలో పెట్టాం, ఇంకా జవాబు రాలేదు. సాక్ష్యం చెప్పిన పెద్దావిడ కాగితాలు, మా వీధిలోని మరో ముగ్గురి కాగితాలు నేనే సర్ది ఇచ్చాను. వాళ్లలో ఇద్దరికి వేలిముద్రలు పడటం లేదు. కనుపాప పరికరం ఉన్న కేంద్రానికి వచ్చే శనివారం తీసుకువెళ్తున్నాను. పెద్దావిడకు కంటి శుక్లాలు ఉన్నాయి, అందుకని ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాలి.